నీటి తొట్టా, చీకటి గదా?

స్కోపోలమైన్ అనే మందు ఇస్తే అది ఎలుక మెదడులో జ్ఞాపకానికి తోడ్పడే రసాయనం అసిటైల్‌కోలిన్ పనిచేసే మస్కరినిక్ గ్రాహకాలకు (ఆ రసాయనం అతుక్కునే చోట్లకు) అడ్డు పడుతుంది, నేర్చుకోవడం కష్టమవుతుంది. అల్జీమర్స్ మతిమరుపుకు వాడే డోనెపెజిల్ ఆ అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపుతుంది. రెండూ కలిపి ఇచ్చినప్పుడు మతిమరుపు ఎంత తగ్గిందో ఏ పరీక్షతో కొలవాలి, చీకటి గదితోనా, నీటి తొట్టితోనా?

చీకటి గది పరీక్ష త్వరగా తేలుతుంది. ఎలుక వెలుతురు గదిలోంచి చీకట్లోకి వెళ్లగానే పాదాలకు చిన్న షాక్. 24 గంటల తర్వాత మళ్లీ అందులోకి వెళ్లడానికి ఎంతసేపు తటపటాయిస్తుందో చూస్తారు. శిక్షణ ఒక్కసారే కాబట్టి మందును దానికి ముందు, అది కాగానే, లేదా పరీక్షకు ముందు ఇచ్చి నేర్చుకోవడాన్ని, నిలుపుకోవడాన్ని, గుర్తుతెచ్చుకోవడాన్ని విడివిడిగా చూడొచ్చు. ఇది నిజంగా గొప్ప సౌకర్యం. చిక్కల్లా ఏమిటంటే, స్కోపోలమైన్ ఎలుకను కుదురుగా ఉండనివ్వదు. ఆ ఉరుకులాటలో గదిలోకి దూరినా మనం మరుపు కిందే రాసుకుంటాం. నొప్పిని తగ్గించే మందైతే మరీ మోసం, షాకే సరిగా తెలియదు.

నాడీ శాస్త్రవేత్త రిచర్డ్ మోరిస్ 1981లో వివరించిన నీటి తొట్టిలో ఎలుక చుట్టూ ఉన్న గుర్తులను బట్టి నీటి అడుగున దాగిన తిన్నెను వెతుక్కోవాలి. శిక్షణకు రోజులు పడుతుంది, ఈతతో ఒత్తిడీ ఉంటుంది. అయినా ఈత వేగాన్ని విడిగా కొలవొచ్చు, తిన్నె పైకి కనిపించేలా పెట్టి చూపునూ సరిచూడొచ్చు. మందుల జోడీ విషయంలో నేను దీన్నే నమ్ముతాను. చిట్టెలుకలైతే మాత్రం చీకటి గదే మేలు, అవి ఈతలో పెద్ద ఎలుకలంత నేర్పరులు కావు.