బైకు ఇంజన్‌తో ఇంటి షెడ్డులో కట్టిన రేసింగ్ బగ్గీ: కొన్నేళ్ల వాడకం తరువాత

గుంటూరులో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో కట్టుకున్న ఈ నాలుగు చక్రాల బగ్గీని కొన్నేళ్లుగా మట్టి ట్రాకుల మీదా, కోతలైన పొలాల్లోనూ నడుపుతున్నాను. ఇంజన్ 373 సీసీ కేటీఎం 390 డ్యూక్‌ది. మారుతి 800 స్టీరింగు ర్యాక్ విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లలో దొరికింది. సుమారు 43 హార్స్‌పవర్ ఇంజనూ, క్లచ్చూ, ఆరు గేర్ల పెట్టే ఒకే కట్టుగా చేతికి రావడం బైకు ఇంజన్‌తో ఉన్న గొప్ప సౌలభ్యం. అయితే ఆ ఇంజన్‌ను తేలికైన, మలుపులో ఒరిగే బండి కోసం తయారుచేశారు. బగ్గీ తేలికా కాదు, ఒరగదు కూడా.

నాతో కలిపి బగ్గీ బరువు 400 కిలోలు దాటుతుంది. బైకుకు వచ్చిన 15, 45 పళ్ల స్ప్రాకెట్లతో (చైన్ తిరిగే పళ్లచక్రాలతో) దీన్ని కదిలించాలంటే క్లచ్‌ను చాలాసేపు సగం పట్టులో ఉంచాలి, దానితో ప్లేట్లు మాడిన వాసన వస్తుంది. ముందు 13, వెనుక 52 పళ్లవి వేశాక ఆ ఇబ్బంది తీరింది. ప్రతి గేరులోనూ వేగం నాలుగో వంతు తగ్గింది గానీ, మట్టిలో ఆ వేగం ఎలాగూ అక్కరకు రాదు.

అన్నిటికన్నా ముఖ్యం ఇంజన్ ఆయిల్. బైకు మలుపులో ఒరుగుతుంది కనుక ఆయిల్ అడుగునే నిలుస్తుంది. బగ్గీలో అయితే పొడవైన మలుపు తిరిగేటప్పుడు ఆయిల్ ఒక పక్కకు ఎగదన్ని, పంపు పీల్చే చోట ఖాళీ ఏర్పడుతుంది, అక్కడ గాలి పీల్చిందంటే బేరింగులకు ముప్పే. అందుకే సంపులో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టెలో, అడ్డుపలకలు అమర్చి, ఆయిల్ మట్టాన్ని పైగీత దగ్గరే ఉంచుతున్నాను. ఈ ఏర్పాటు లేకుండా ఎవరూ రేసుకు దిగవద్దని గట్టిగా చెబుతాను.

సీటు వెనుక ఇంజన్‌కు ఎదురుగాలి తగలదు కాబట్టి రేడియేటర్‌ను తల వెనుక ఎత్తులో పెట్టి పెద్ద ఫ్యాను బిగించాను. అయినా మే నెలలో పొద్దున్నే తప్ప నడపను.

మలుపులో రెండు వెనుక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ దీనికి లేదు, చైన్ నేరుగా వెనుక ఇరుసును తిప్పుతుంది. వదులు మట్టిలో ఇది చక్కగా పట్టునిస్తుంది, సిమెంటు నేల మీద మాత్రం మలుపు తిప్పడానికి భుజబలం కావాలి. ఇంజన్ మౌంట్లనూ ఇరుసు బేరింగులనూ ఒకే ఉపచట్రానికి వెల్డు చేయడం వల్ల ఫ్రేము కాస్త మెలిదిరిగినా చైన్ వరుస తప్పడం లేదు. నల్లరేగడి దుమ్ము చైన్ నూనెలో కలిస్తే ఆకురాయిలా పళ్లను అరగదీస్తుంది. నడిపిన ప్రతిసారీ కిరోసిన్‌తో తుడుస్తున్నా చిన్నదైన ముందు స్ప్రాకెట్ పళ్లే మొదట వంకర తిరుగుతున్నాయి.

బైకు గేర్లలో రివర్సు ఉండదు. ఎండాకాలం ఇది లోటనిపించదు. వానకు తడిసిన రేగడిలో చక్రాలకు బంకమట్టి ముద్దలు కట్టినప్పుడు దిగి వెనక్కి నెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. అందుకే ఇరుసును చిన్న మోటారుతో వెనక్కి తిప్పే ఏర్పాటు ఇప్పుడు చేస్తున్నాను.