కప్ప ట్యాంక్‌కి ఎర్ర బల్బా, సిరామిక్కా, హీట్ మ్యాటా? బెంగళూరు చలికి ఏది మేలు?

మొన్న మారతహళ్లిలో ఉండే మా ఊరి కుర్రాడు ప్యాక్‌మ్యాన్ కప్పని (గాజు ట్యాంక్‌లో పెంచుకునే గుండ్రటి, పెద్ద నోటి కప్ప) తెచ్చుకుని రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు, అన్నా షాపాయన 100 వాట్స్ ఎర్ర బల్బు ఇచ్చాడు, పెట్టెయ్యనా అని. ఆగరా బాబూ అన్నా, ఎందుకంటే ఆ తప్పు నేను ఆల్రెడీ చేసేశా.

మాది గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, డిసెంబర్‌లో తెల్లారుజామున రూంలో 18 డిగ్రీలు చూపిస్తది. ఈ కప్ప సౌత్ అమెరికాది, పగలు 24 నుంచి 28, రాత్రి 21-22 ఉంటే హాయిగా ఉంటుంది. పాపం చలేస్తోందని 50 వాట్స్ ఎర్ర బల్బు జాలీ మూత మీద పెట్టి పడుకున్నా. పొద్దున చూస్తే 27 డిగ్రీలు, సూపర్ అనుకున్నా, పక్కనున్న తేమ మీటర్ చూస్తే 35 శాతం. పైన పరిచిన నాచు వేలితో నొక్కితే అప్పడంలా కరకరమంది. రోజూ నీళ్లు స్ప్రే చేస్తూ అలాగే లాగించా. మూడు వారాలకి కప్ప అడుగున పరిచిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) లోకి దూరిపోయి ఒళ్లంతా ఉల్లిపొర లాంటిది కట్టుకుని కదలట్లేదు, పోయిందే అనుకున్నా. వాటి సొంత ఊళ్లో నీళ్లు ఎండిపోయినప్పుడు ఇవి చేసే పనే అదంట, ఊడిన చర్మాన్నే పొరలు పొరలుగా కప్పుకుని వానలొచ్చేదాకా పడుంటాయి. అంటే ఒక్క బల్బుతో దానికి కరువు తెప్పించా. క్లోరిన్ తీసిన నీళ్లు గడ్డం కిందిదాకా పోసి కూర్చోబెడితే సాయంత్రానికి పొర వదిలింది, దాన్ని తనే మింగేసింది కూడా.

కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. అందుకే ఈ పోలిక కాస్త కప్పల తక్కెడే, వేడి సరిపోతే తేమ దూకేస్తది, తేమ సరిచేస్తే ఇంకోటి దూకుతది. బల్బు ఈ లెక్కలో అన్నిటికన్నా కింద. ఇక ఎర్ర వెలుగు కప్పకి కనపడదు అని షాపుల్లో చెప్తారు చూడండి, నమ్మకండి, కనపడుతుంది. రాత్రి తిరిగే జీవికి రాత్రి చీకటి కావాలి, అంతే.

సిరామిక్ ఎమిటర్ అంటే వేడి మాత్రమే ఇచ్చే పింగాణీ బల్బు, వెలుగు ఉండదు, ఆ గొడవ లేదు. కానీ అదీ పైనుంచే ఆరబెడుతుంది, పైగా ముట్టుకుంటే కాలిపోయేంత వేడి, ప్లాస్టిక్ హోల్డర్ కరిగిపోతుంది కాబట్టి పింగాణీ హోల్డరే పెట్టాలి. ట్యాంక్ లోపల అస్సలు వద్దు, వైట్స్ ట్రీ ఫ్రాగ్ లాంటి చెట్లెక్కే కప్ప గోడెక్కి దానికే అతుక్కుంటే అంతే సంగతులు. ఎత్తైన ట్యాంక్, బాగా చలి రూం అయితే జాలీ బయట పెట్టొచ్చు.

నా ఓటు హీట్ మ్యాట్‌కే, అంటే కరెంటుతో వేడెక్కే పల్చటి షీటు, కానీ అడుగున కాదు, పక్క గోడకి బయటవైపు. చాలామంది తెలియక అడుగున పెడతారు. అడవిలో వేడెక్కితే కప్ప మట్టిలోకి తవ్వుకుంటూ పోతుంది, కింద చల్లగా ఉంటుంది కాబట్టి. మన ట్యాంక్‌లో కిందికి పోయేకొద్దీ పెనం మీదికి పోయినట్టే, పొట్ట కాలినా అక్కడే కూర్చుంటుంది. పక్క గోడలో మూడో వంతు కప్పేంత మ్యాట్ చాలు, ఇంకో వైపు చల్లగా వదిలేస్తే దానికి నచ్చిన చోటికి అదే పోతుంది.

థర్మోస్టాట్ (వేడి చాలగానే కరెంటు ఆపేసేది) లేకుండా మాత్రం ఏదీ పెట్టకండి. ఎస్‌పీ రోడ్‌లో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతాయి, విడిగా బోర్డులా వచ్చేదైతే వైరింగ్ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. దాని ప్రోబ్‌ని, అంటే వేడి కొలిచే వైరు కొసని, మ్యాట్‌కీ గాజుకీ మధ్య టేప్ వేయండి. వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి, లేదంటే స్ప్రే చేసిన నీళ్లు వైరు పట్టుకుని నేరుగా ప్లగ్‌లోకి పోతాయి. కరెంటు ఖర్చంటారా, నా 14 వాట్స్ మ్యాట్ రాత్రి పది గంటలు నడిచినా 0.14 యూనిట్, 60 వాట్స్ సిరామిక్ అయితే 0.6.

లైటింగ్‌కి మామూలు తెల్ల ఎల్ఈడీ, టైమర్ పెట్టి 12 గంటలు, మొక్కలకీ సరిపోతుంది. యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) కావాలా అంటే, ప్యాక్‌మ్యాన్‌కి మేత పురుగుల మీద కాల్షియం, విటమిన్ డీ3 పొడి సరిగ్గా చల్లితే నడిచిపోతుంది. వైట్స్ ట్రీ ఫ్రాగ్‌కి మాత్రం నేను 5 శాతం యూవీబీ ట్యూబ్‌లైట్ పెడతా, కింద నీడకి మనీప్లాంట్ ఆకులు ఉండాలి. గాజు మూత మీద పెడితే దండగ, గాజు యూవీబీని ఆపేస్తుంది, జాలీ మీదే పెట్టాలి. వెలుగుతున్నా ఏడాదికోసారి మార్చాలి, వెలుగు అలాగే ఉన్నా లోపల యూవీబీ తగ్గిపోతుంది. ఇదంతా ఎందుకు కిటికీ దగ్గర పెడదాం అనుకుంటే మాత్రం, గాజు పెట్టె మీద నేరుగా ఎండ పడితే గంటలో పొయ్యి అయిపోతుంది.

చెన్నైలో ఉన్నోళ్లు హీటర్ మాట మర్చిపోండి. వేళచ్చేరిలో ఉండే మా బావ మే నెలంతా ట్యాంక్‌ని ఏసీ రూంలోనే పెట్టుకుంటాడు. మా దగ్గర కూడా మ్యాట్ ఆన్ అయ్యేది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే. మా అమ్మకి చెప్తే, ఇక్కడ వానల కోసం కప్పని రోకలికి కట్టి నీళ్లు పోస్తాం రా, నువ్వు దానికి హీటర్ పెడుతున్నావా అంది.

మారతహళ్లి కుర్రాడు బల్బు వాపస్ ఇవ్వబోతే షాపాయన తీసుకోలేదంట. ఇప్పుడు దాని కింద సాక్సులు ఆరేసుకుంటున్నాడు.