ఎం.జి.బి.లో 3.307 క్రౌన్ వీల్, పినియన్ సెట్టు: ఏడాది వాడకం తర్వాత

నా 1972 నాటి ఎం.జి.బి. రోడ్‌స్టర్‌లో (టాప్ తెరుచుకునే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) 1798 సీసీ ఇంజిన్‌ను బోరు చేయించి 1950 సీసీకి పెంచి, హెడ్ పోర్టులు సరిచేయించి, వాల్వులను తెరిచే క్యామ్‌ను ఒక మోస్తరు చురుకైనది వేయించిన తర్వాత కూడా, గంటకు 100 కి.మీ. వేగంలో అది టాప్ గేరులో నిమిషానికి దాదాపు 3,450 చుట్లు తిరుగుతూనే ఉండేది. బలం పెరిగింది గాని మోత తగ్గలేదు. ఓవర్‌డ్రైవ్ (టాప్ గేరులో ఇంజిన్ చుట్లను తగ్గించే అదనపు గేరు) లేని బండి కాబట్టి, వెనుక ఇరుసు డిఫరెన్షియల్‌లో కంపెనీ బిగించిన 3.909 నిష్పత్తి సెట్టును తీసివేసి 3.307 సెట్టు వేయించాను. పినియన్ అనే చిన్న పళ్ల చక్రం క్రౌన్ వీల్ అనే పెద్దదాన్ని తిప్పి, ఇంజిన్ బలాన్ని చక్రాలకు అందించే జత ఇది. ఇప్పుడు అదే వేగానికి ఇంజిన్ 2,930 చుట్ల దగ్గర ఉంటోంది.

ఈ నిష్పత్తి పళ్ల లెక్క తప్ప మరొకటి కాదు. పాత సెట్టులో పినియన్‌కు 11 పళ్లు, క్రౌన్ వీల్‌కు 43. కొత్తదానిలో 13, 43. నిష్పత్తి తగ్గినకొద్దీ చక్రానికి అందే టార్క్ (తిప్పే బలం) కూడా అంతే తగ్గుతుంది కాబట్టి, 3.909తో ఉన్న లాగుడు 3.307తో కూడా ఉండాలంటే ఇంజిన్ ప్రతి దశలోనూ 18 శాతం ఎక్కువ టార్క్ ఇవ్వాలి. హార్స్‌పవర్ ఎంత పెరిగిందన్నది ఇక్కడ దాదాపు అనవసరం. 2,000, 3,000 చుట్ల మధ్య ఇంజిన్ ఏమి ఇస్తుందన్నదే చూడాలి. 5,000 దాటాక గాని ప్రాణం రాని క్యామ్ వేయించినవారు ఈ సెట్టు జోలికి పోకపోవడమే మేలు.

నేను 3.7, 3.071 సెట్టులను కూడా పరిశీలించాను. మొదటిదానితో 100 కి.మీ. దగ్గర తగ్గేది 200 చుట్ల లోపే. అంత మాత్రానికి వెనుక ఇరుసు విప్పడం దండగ పని. రెండవది కంపెనీయే 1973లో 3528 సీసీ వి8 ఇంజిన్‌తో తెచ్చిన ఎం.జి.బి. జి.టి.లో వాడిన నిష్పత్తి కావడంతో మనసు అటు లాగింది. అయితే ఆ వి8 దాదాపు 260 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది. మామూలు 1798 ఇంజిన్ ఇచ్చేది 149. 3.071కి మారితే పాత లాగుడు నిలవడానికి 27 శాతం అదనపు టార్క్ కావాలి. నా ఇంజిన్ సీసీలలో పెరిగింది 8 శాతం పైచిలుకు మాత్రమే, హెడ్ పని వల్ల వచ్చిన మిగతా లాభం పై చుట్లలోనే ఎక్కువగా కనబడుతుంది. వి8 చొక్కా నాలుగు సిలిండర్ల ఒంటికి వదులే.

సెట్టు తయారీ గురించి నాకు ఫిర్యాదు లేదు. పళ్ల అంచులు నునుపుగా ఉన్నాయి, క్రౌన్ వీల్ మీదా పినియన్ మీదా చెక్కిన జత సంఖ్య ఒకటే. ఫిర్యాదు అమ్మినవారి మీద. పెట్టెలో షిమ్‌లు (సందు సరిచేసే పలుచని రేకులు) లేవు, పినియన్ బేరింగుల మధ్య ఒక్కసారే నలిగి పనికివచ్చే స్లీవూ లేదు. అవి విడిగా కొనాలన్న మాట ఎక్కడా రాయలేదు. వాటి కోసం బండి రెండు వారాలు స్టాండ్ల మీదే ఉండిపోయింది. బిగించిన రోజున మెకానిక్ పళ్లకు రంగు పూసి తిప్పి చూస్తే, ముద్ర పంటి మధ్యలో కాక బయటి అంచు వైపు పడింది. షిమ్ మార్చి, డయల్ గేజీతో బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య సందు) మళ్లీ కొలిచి, మూడవసారికి గాని ముద్రను మధ్యకు తేలేకపోయాడు. ఈ ఓపిక లేని చోట ఎంత మంచి సెట్టు వేయించినా ఊళ పెడుతుంది. నా బండిలో ఇప్పుడు యాక్సిలరేటర్ వదిలినప్పుడు 90 కి.మీ. దగ్గర సన్నగా ఒక కూత వినిపిస్తుంది, అది కూడా బండి పైకప్పు మూసి ఉంటేనే.

నడకలో మార్పు ఊహించినదానికంటే మెరుగ్గానే ఉంది. నాలుగవ గేరులో 60 నుంచి లాగినా ఇంజిన్ మూలగదు, మూడవ గేరు ఓవర్‌టేక్ చేయడానికి చక్కగా కుదిరింది. ఇబ్బంది అంతా ఫస్ట్ గేరులోనే. ఫస్ట్ గేరు 3.44 కాబట్టి మొత్తం నిష్పత్తి మునుపు 13.4 ఉండేది, ఇప్పుడు 11.4. ఎత్తు మీద ఆగి కదలవలసి వస్తే హాఫ్ క్లచ్‌లో మునుపటికంటే ఎక్కువసేపు ఉంచాలి. నిత్యం ట్రాఫిక్‌లో ఆగుతూ సాగే బండికైతే నేను దీన్ని సూచించను. అటువంటివారికి పాత డిఫరెన్షియల్‌ను అలాగే ఉంచి, ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ వేయించుకోవడం ఖర్చెక్కువైనా సరైన దారి.

ఇంకొక సంగతి సెట్టుతో వచ్చిన కాగితంలో లేదు. ఈ బండిలో స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది కాబట్టి, డిఫరెన్షియల్ మారిన విషయం దానికి తెలియదు. ముల్లు 80 చూపుతున్నప్పుడు బండి నిజానికి 94 దాటి పోతూ ఉంటుంది. మీటరును తిరిగి క్యాలిబ్రేట్ చేయించేవరకు నేను అద్దం మీద 68 దగ్గర ఒక ఎర్ర గీత గీసుకుని, దాన్నే 80గా చదువుకుంటూ నడిపాను.