నాలుగేళ్లు, 62 వేల కిలోమీటర్లు: తిరుపతి రోడ్ల మీద అడాప్టివ్ సస్పెన్షన్

చిత్తూరులో మా అమ్మ కారెక్కగానే అడిగే మొదటి మాట, "ఆ బటను దేంట్లో పెట్టినావురా?" అని. సస్పెన్షన్ ఎంత మెత్తగా, ఎంత గట్టిగా ఉండాలో మార్చే బటను అది: కంఫర్ట్, నార్మల్, స్పోర్ట్. కారు ఊపును ఆపే డాంపర్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. ఆ బటను తప్పుగా ఉంటే చంద్రగిరి వచ్చేసరికి తనకు కడుపులో తిప్పుతుందని మాత్రం తెలుసు. నాకు ఇదంతా అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఆమెకు రెండు ప్రయాణాలు చాలాయి.

కారు 2021 మొదట్లో కొన్నాను. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఉన్న జర్మన్ సెడాన్. పేరు రాస్తే మాట సస్పెన్షన్ మీంచి బ్రాండ్ మీదికి పోతుంది కాబట్టి రాయడం లేదు. అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. కింది వేరియంట్‌లో కొంచెం కిందికి దించిన గట్టి స్పోర్ట్ సస్పెన్షన్, పై వేరియంట్‌లో అడాప్టివ్. రెండింటి మధ్య తేడా రెండున్నర లక్షల పైమాటే. అందులో సన్‌రూఫ్ లాంటివి కూడా కలిపారు, మా ఎండల్లో దాన్ని తెరిచేదెవరు?

ఆ బ్రాండ్ షోరూమ్ తిరుపతిలో లేదు. చెన్నై వెళ్లి రెండూ నడిపి చూశాను. నున్నటి రోడ్డు మీద పది నిమిషాలు నడిపితే రెండూ ఒకటే అనిపించాయి. డబ్బు మిగుల్చుకుందామని దాదాపు నిర్ణయించుకున్నాక, గట్టి సస్పెన్షన్ ఉన్న తెలిసినవాళ్ల కారు ఒక ఆదివారం అడిగి తీసుకున్నాను. లీలామహల్ సర్కిల్ నుంచి కరకంబాడి రోడ్డు మీదుగా రేణిగుంట దాకా పోయి వచ్చాను. అది నేను రోజూ ఆఫీసుకు పోయే దారే. ఇంటికొచ్చేసరికి నడుము నాదో కాదో తెలియలేదు. అడాప్టివ్ అప్పుడే ఖాయమైపోయింది. కాబట్టి కొనేముందు షోరూమ్ వాళ్లు చూపించిన రోడ్డు మీద కాదు, మీరు రోజూ తిరిగే రోడ్డు మీద నడిపి చూడండి.

అసలు ఇది చేసే పని కొద్దిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని, గాలి సంచులతో కారు ఎత్తును మార్చే ఎయిర్ సస్పెన్షన్ అనుకుంటారు. కారు బరువు మోసేది స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఊగుతూ ఉండకుండా పట్టి ఆపేది డాంపర్, అంటే మనం షాక్ అబ్జార్బర్ అనేది. దానిలోపల నూనె సన్నటి దారుల గుండా అటూ ఇటూ పోవాలి. దారి ఇరుకైతే గట్టిగా, వెడల్పైతే మెత్తగా ఉంటుంది. నా కారులో ఆ దారిని ఒక విద్యుత్ వాల్వు మార్చుతూ ఉంటుంది. చక్రాల దగ్గర ఎత్తు కొలిచే సెన్సర్లు, బాడీ కదలిక పట్టే సెన్సర్లు చెప్పేదాన్ని బట్టి మిల్లీసెకన్లలో ఈ పని జరిగిపోతుంది. వాల్వు బదులు నూనెలోనే ఇనుప రేణువులు కలిపి, అయస్కాంతంతో దాన్ని చిక్కబరిచే రకం ఇంకొకటి ఉంది. 2002లో కాడిలాక్ మొదట దాన్ని రోడ్డు మీదికి తెచ్చింది. ఏ రకమైనా స్ప్రింగ్ మారదు, కారు ఎత్తూ మారదు. స్పీడ్ బ్రేకర్‌కు కింద తగిలే కారు, అడాప్టివ్ ఉన్నా తగులుతుంది. మా వీధి చివర ఎవరో సొంతంగా పోయించిన సిమెంటు దిబ్బ ఒకటి ఉంది, దాని మీద ఇప్పటికీ ఏటవాలుగానే ఎక్కిస్తాను.

ఊళ్లో నేను కంఫర్ట్ తప్ప ఇంకోటి పెట్టను. శ్రీనివాస సేతు అని పిలిచిన గరుడ వారధి ఫ్లైఓవర్ మీద జాయింట్లు, సిమెంటు రోడ్ల అతుకులు, కేబుల్ కోసం తవ్వి సగం పూడ్చిన గాడులు, వీటిలో గట్టి సస్పెన్షన్‌కూ దీనికీ ఉన్న తేడా రోజూ తెలుస్తుంది. స్పోర్టీ కారు కొని మెత్తటి మోడ్‌లో తిరగడమేంటని మా తమ్ముడు ఎగతాళి చేస్తాడు. నా మట్టుకు రెండున్నర లక్షలు పెట్టింది ఆ మెత్తదనానికే.

కానీ నాలుగేళ్లలో నా అంచనా తలకిందులైంది ఒక్క చోట, ఘాట్‌లో. తిరుమల కొండ మీద వేగంగా పోయే ప్రశ్నే లేదు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కంటే ముందే చేరితే జరిమానా. అందుకని అక్కడ స్పోర్ట్‌తో పనేముంది అనుకున్నాను. 1944లో వేసిన పాత దారిలో దిగుతుంటే, కంఫర్ట్‌లో కారు ఒక మలుపులో కుడికి ఒరిగి, అది సర్దుకోకముందే తర్వాతి మలుపులో ఎడమకు ఒరుగుతుంది. వెనక సీట్లో అమ్మకు కళ్లు తిరిగేది అక్కడే. "పేగులు కదలతా ఉండాయిరా, నిదానంగా పో" అనేది. నేను నిదానంగానే పోతున్నాను. తర్వాతి సారి ఇంజన్, స్టీరింగ్ మామూలుగా ఉంచి సస్పెన్షన్ ఒక్కటే స్పోర్ట్‌లో పెట్టాను. అలిపిరి చేరేదాకా ఆమె నిద్రపోయింది. మలుపులో చివరికి కారు ఎంత ఒరగాలనేది స్ప్రింగులు, ఎడమ కుడి చక్రాలను కలిపే కడ్డీ (యాంటీ రోల్ బారు) తేల్చే సంగతి. ఎంత తొందరగా ఒరిగి, ఎంత తొందరగా వెనక్కి వస్తుందనేది డాంపర్ చేతిలో ఉంది. కడుపులో తిప్పేది ఆ ఊపే.

అందుకని కారు కొనేటప్పుడు సస్పెన్షన్ ఒక్కటే విడిగా మార్చుకునే ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి. అన్నీ ఒకే మోడ్‌కు కట్టేసిన కార్లలో, సస్పెన్షన్ గట్టిగా కావాలంటే ఇంజన్ కూడా కింది గేర్లలో అరుస్తుంది. కొండ మీద అది చిరాకు.

బెంగళూరు పోయేటప్పుడు మొగిలి ఘాట్ దాటాక కూడా ఇదే సంగతి. నలుగురు మనుషులు, డిక్కీ నిండా మామిడికాయల బుట్టలు ఉన్నప్పుడు కంఫర్ట్‌లో కారు వెనక భాగం తేలిపోతుంది. రోడ్డు అలలా ఉన్న చోట ఒకసారి ఎగిరి, కిందికొచ్చి రబ్బరు స్టాపర్ మీద కొట్టుకుంటుంది. లోడ్ ఉంటే నార్మల్, ఒక్కడినే ఉంటే స్పోర్ట్. నూరు దాటాక స్పోర్ట్‌లో స్టీరింగ్ చేతికి నిజం చెబుతుంది. ఆ ఆనందం నెలకు రెండు మూడు సార్లే, కానీ ఉంది.

ఇది చేయలేని పని గుంతల అంచులు. 2021 నవంబరు వరదల తర్వాత ఊళ్లో రోడ్లు ఎలా తయారయ్యాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పదునైన అంచు తగిలినప్పుడు మొదటి దెబ్బ తినేది టైరు. 225/40 ఆర్18 టైరుకు (వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 40 శాతం, చక్రం 18 అంగుళాలు) పక్క గోడ 90 మిల్లీమీటర్లే. రెండు టైర్లు ఉబ్బాయి, ఒక అలాయ్ చక్రం వంగింది. చివరికి 17 అంగుళాల అలాయ్‌లు, 225/45 టైర్లు వేయించాను. పక్క గోడ 101 మిల్లీమీటర్లు అయింది. మొత్తం టైరు ఎత్తులో తేడా మూడు మిల్లీమీటర్ల లోపే కాబట్టి స్పీడోమీటర్‌కు ఇబ్బంది లేదు. చక్రం లోపల ఉండే బ్రేక్ పట్టు భాగానికి (కాలిపర్) తగలకుండా పట్టే అలాయ్ కావాలి, అది ముందే కొలిపించుకోవాలి. మొహమాటం లేకుండా చెప్పాలంటే ఆ పదకొండు మిల్లీమీటర్ల రబ్బరు, కంఫర్ట్ బటన్ కంటే ఎక్కువ మేలు చేసింది. కారు చూడ్డానికి కాస్త సాదాగా అయిందని తమ్ముడి బాధ.

ఇక ఖర్చు సంగతి. 41 వేల కిలోమీటర్ల దగ్గర డ్యాష్ మీద సస్పెన్షన్ హెచ్చరిక లైటు వెలిగింది, కారు సస్పెన్షన్ గట్టిగా బిగుసుకుపోయింది. వారంటీ అప్పటికే అయిపోయింది. చెన్నైలో ఒక వర్క్‌షాప్ ముందు ఎడమ డాంపర్ మార్చాలని 85 వేలకు కొటేషన్ ఇచ్చింది, జతగా మార్చితే మంచిదని సలహా కూడా. మనసొప్పక వెనక్కి తెచ్చి రేణిగుంట రోడ్డులో మా పాత మెకానిక్‌కు చూపించాను. లిఫ్ట్ మీద పెట్టి, టార్చి వేసి, రెండు నిమిషాల్లో తేల్చాడు. "సార్, షాక్ అబ్జార్బర్ పోలేదు. ఎత్తు చూసే సెన్సర్ కడ్డీ విరిగింది, రాయి తగిలినట్టుంది." ఆ కడ్డీ మార్చి, స్కానర్‌తో ఎత్తు సరిచూసి లైటు ఆపడానికి ఆరు వేల లోపే అయింది.

ఆ సంబరం ఏడాది కూడా నిలవలేదు. వెనక కుడి డాంపర్ నిజంగానే నూనె కారింది. ఈసారి ఏ లైటూ వెలగలేదు, ఎందుకంటే నూనె కారడం కంప్యూటర్‌కు కనిపించదు, తీగ తెగితేనో సెన్సర్ చెడితేనో కనిపిస్తుంది. స్పీడ్ బ్రేకర్ దిగాక వెనక రెండు సార్లు ఊగడం చూసి నేనే పట్టుకున్నాను. కాబట్టి ప్రతి సర్వీసులో టైరు వెనక చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడమని అడగండి. మామూలు డాంపర్లు వేసేస్తే చవక కదా అని కొందరన్నారు. అలా చేస్తే కంప్యూటర్ వాల్వుల కోసం వెతికి లైటు వెలిగిస్తూనే ఉంటుంది, దాన్ని కోడింగ్‌తోనో నకిలీ మాడ్యూల్‌తోనో మభ్యపెట్టాలి. నాకది నచ్చలేదు. బిల్‌స్టైన్ లాంటి వాళ్లు ఎలక్ట్రానిక్ డాంపర్లకు బదులుగా సరిపోయే రకాలు చేస్తారు. అవి తెప్పించి వెనక రెండూ మార్చాను. చౌక కాదు, కానీ కంపెనీ ధర కంటే తగ్గింది.

మళ్లీ కొంటే అడాప్టివే తీసుకుంటాను, మొదటి రోజు నుంచే 17 అంగుళాల చక్రాలతో, పొడిగించిన వారంటీ డబ్బు పక్కన పెట్టుకుని. ఎవరైనా సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి కారు చూస్తుంటే, నాలుగు డాంపర్ల మీద తడి చూశాకే బేరం మొదలుపెట్టండి. రోజంతా నున్నటి హైవే మీదే తిరిగేవాళ్లకు కింది వేరియంట్ చాలు. మా అమ్మ మాత్రం వచ్చే శనివారం కొండకు పోదామంటోంది, బటను ముందే మార్చి రమ్మంది.