మంచు కొండకు ఏప్రిలా, జూనా, దసరానా?

విశాఖలో ఏప్రిల్ రెండో వారం వచ్చిందంటే చాలు, బీచ్ రోడ్డులో చెమటలు కక్కుతూ నడిచేవాళ్లందరికీ హిమాలయాలు గుర్తొస్తాయి. పిల్లల పరీక్షలు అయిపోతుంటాయి, ఢిల్లీకి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు వెతకడం మొదలవుతుంది. మంచు ఉండగానే ఇప్పుడే వెళ్లిపోదామా, జూన్ దాకా ఆగుదామా, దసరా సెలవులకు పెట్టుకుందామా? ట్రెక్ కంపెనీలను అడిగితే మూడూ మంచి సీజన్లే అంటాయి. వాళ్ల వ్యాపారం వాళ్లది. కానీ ఈ మూడు కాలాల్లో కాళ్ల కింద ఉండే మంచు ఒకటి కాదు, ప్రమాదం వచ్చే దారీ ఒకటి కాదు.

నా లెక్క ముందే చెప్పేస్తాను. మొదటిసారి మంచు తొక్కాలనుకుంటే మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ మొదటి పక్షం లోపు, అదీ ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ లాంటి అడవి దారి. పాస్ (రెండు లోయల మధ్య కొండను దాటే కనుమ) దాటాలని ఉంటే జూన్ రెండో వారం. సెలవులు కలిసొచ్చాయి కదా అని ఏప్రిల్ ఆఖర్లోనో మే మొదట్లోనో ఎత్తైన పాస్ మీదికి మాత్రం వద్దు.

ఎందుకంటారా? చలికాలమంతా పడిన మంచు పొరలు పొరలుగా కొండవాలు మీద కూర్చుని ఉంటుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నచోటే అవలాంచ్‌లు, అంటే మంచుచరియలు విరిగిపడటం, ఎక్కువ. అంతకంటే నిటారుగా ఉంటే మంచు ఎక్కువ నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది, అంతకంటే చదునుగా ఉంటే సాధారణంగా కదలదు. చలికాలంలో భయం కొత్తగా పడిన మంచుతో, గాలి పోగేసిన మంచుతో. ఎండలు ముదిరాక భయం నీటితో. పగలు పైపొర కరిగి నీళ్లు లోపలికి ఇంకుతాయి, మంచు రేణువులు ఒకదాన్నొకటి పట్టుకున్న పట్టు వదిలేస్తాయి. రాత్రి మళ్లీ గడ్డకడితే పట్టు తిరిగొస్తుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో టెంటులోంచి తల బయటపెట్టగానే అడగాల్సిందొకటే: రాత్రి గడ్డకట్టిందా లేదా?

లంబసింగి వెళ్లొచ్చినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆకాశం తేటగా, నక్షత్రాలు కనబడే రాత్రయితేనే అక్కడ తెల్లారేసరికి ఒళ్లు గడగడలాడేది. మబ్బు పట్టిందంటే తెల్లవారుజామున లేచి వెళ్లినా స్వెట్టర్ బరువే మిగులుతుంది. నేలలోని వేడి ఆకాశంలోకి పోకుండా మబ్బు కప్పేస్తుంది. హిమాలయాల్లోనూ అదే సూత్రం. రాత్రి తేటగా ఉంటే పొద్దున మంచు రాయిలా ఉంటుంది. మబ్బు పట్టి ‘అబ్బ, రాత్రి హాయిగా నిద్రపట్టింది, చలే లేదు’ అనిపించిన మర్నాడు సూర్యుడు రాకముందే మంచు మెత్తబడి ఉంటుంది. ఆ రోజు వాలు ఎక్కకూడదు.

గడ్డకట్టిన రోజైనా గడియారం చూసుకోవాల్సిందే. తెల్లవారుజామున 5 గంటలకు కర్ర పోటేస్తే టక్కుమంటుంది, బూటు అంచు మాత్రమే దిగుతుంది, బూట్లకు తొడిగే ఇనుప ముళ్లు (స్పైకులు) చక్కగా పట్టుకుంటాయి. 9 దాటేసరికి అడుగు ముద్ర లోతుగా పడుతుంది. ఇంకో రెండు గంటలకు చీలమండ దాకా, ఆపైన మోకాలి దాకా కూరుకుపోతాం. అప్పుడు పైకి చూడండి. ఎవరూ కదపకుండానే చిన్న చిన్న మంచు ఉండలు వాలు మీద దొర్లుకుంటూ, వెనక గీతలు గీసుకుంటూ దిగుతుంటాయి. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, పిల్లలు వీడియో తీస్తామంటారు. పైపొర పట్టు వదిలేస్తోందని అర్థం. ఆ వాలు కింద కూర్చుని పులిహోర పొట్లం విప్పకూడదు. తూర్పు ముఖం వాలుకు ముందు ఎండ తగులుతుంది, తర్వాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమర. ఉత్తర ముఖం అన్నిటికన్నా ఆలస్యంగా మెత్తబడుతుంది.

ఇప్పుడు మార్చి ఆఖరు సంగతి. కేదార్‌కంఠ 3,810 మీటర్లు, సాంక్రీ నుంచి ఎక్కుతారు. దారిలో చాలా భాగం అడవే, నిటారు గల్లీల్లో (కొండ గోడల మధ్య ఇరుకు చీలికల్లో) ఇరుక్కునే అవసరం తక్కువ. శిఖరం మీద గాలికి బయటికి వేలాడే మంచు అంచులు ఉండొచ్చు, ఫొటో కోసం వాటి మీదికి పోకుండా ఉంటే చాలు. ఏప్రిల్ సగానికి కింది భాగమంతా బురద. అప్పటికి అక్కడ ప్రమాదం కంటే నిరాశే ఎక్కువ.

ఏప్రిల్ అంటే ట్రెక్కర్లకే ప్రమాదమనీ అనుకోవద్దు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూలా వెళ్లే రోడ్డు పక్కన మంచుచరియ విరుచుకుపడి 7 మంది పర్యాటకులు చనిపోయారు. కారు దిగి మంచులో ఆడుకునేవాళ్ల తలపైనా వాలు ఉంటుంది.

ఏప్రిల్ ఆఖరు, మే మొదటి పక్షంలో పాస్‌ల మీద చలికాలపు మంచు దాదాపు అంతా అలాగే ఉంటుంది, రోజురోజుకూ నీరు పడుతుంటుంది. రూపిన్ పాస్ 4,650 మీటర్లు. ఆఖర్న ఎక్కాల్సింది రెండు వైపులా గోడలున్న నిటారు గల్లీ. పైనుంచి ఏది జారినా వచ్చేది అందులోకే. తడి మంచు పొడి మంచంత వేగంగా రాదు గానీ బరువెక్కువ. ఆగిన క్షణాన బిగుసుకుపోతుంది, లోపలున్నవాళ్లు వేలు కూడా కదపలేరు. మొదటి 15 నిమిషాలు దాటితే బతికే అవకాశం గబగబా పడిపోతుంది. అంతలో కింది ఊరి నుంచి ఎవరూ రాలేరు. పక్కన నడిచేవాళ్లే తవ్వాలి, అందుకు వాళ్ల దగ్గర బీకన్లు (మంచు కింద ఉన్నవాళ్లను సిగ్నల్‌తో పట్టిచ్చే పరికరాలు), వెతికే పొడుగు కడ్డీలు, పారలు ఉండాలి.

జూన్‌కు చాలా వాలుల మీద జారాల్సిన మంచు జారిపోయి ఉంటుంది, మిగిలింది కరిగి గడ్డకట్టి, కరిగి గడ్డకట్టి గట్టిపడి ఉంటుంది. అదే గల్లీ జూన్ రెండో వారంలో, చీకటితో బయలుదేరితే చాలావరకు నమ్మదగ్గ దారి. బదులుగా వేరే చిక్కులు వస్తాయి: ఎండకు రాళ్లు ఊడిపడటం, వాగుల మీది మంచు వంతెనలు పలచబడటం. వాతావరణం తిరగబడితే జూన్ అని కూడా చూడదు. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో కర్ణాటక ట్రెక్కర్లు 9 మంది మంచుతుపానులో చిక్కి చనిపోయారు, అవలాంచ్ లేకుండానే. జూన్ ఆఖరుకు రుతుపవనాలు అక్కడికీ చేరతాయి కాబట్టి దొరికే సమయమూ తక్కువే. పాస్‌లు కొత్తవాళ్లకైతే రూపిన్ కంటే హిమాచల్‌లోని 4,270 మీటర్ల హంప్తా పాస్ మేలు.

మనవాళ్లతో జూన్‌లో అసలు తంటా పొద్దున లేవడం. టిఫిన్ అయ్యి, టీ అయ్యి, గ్రూప్ ఫొటో అయ్యేసరికి 8 అవుతుంది. గైడు 3 గంటలకు లేపితే విసుక్కోకండి, ఆయన గల్లీలోకి ఎండ రాకముందే మిమ్మల్ని పైకి చేర్చాలని చూస్తున్నాడు.

అయితే తొందరగా లేవడం తాయెత్తేమీ కాదు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు నేపాల్ వైపు దారిలోని ఖుంబూ ఐస్‌ఫాల్‌లో (హిమానీనదం ముక్కలై దిగే చోట) 16 మంది నేపాలీలు చనిపోయింది పొద్దున్నే. వేలాడే హిమానీనదపు ముక్కలు ఎండ కోసం ఆగవు. ఆ ఏడాదే మే 25న మన తెలుగు విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ శిఖరం చేరింది టిబెట్ వైపు నుంచి, ఆ ఐస్‌ఫాల్ లేని దారిలో.

దసరా గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తేటైన ఆకాశం, ఎండిన దారులు, తక్కువ మంచు. పెద్దవాళ్లతో వెళ్తే ఇదే నా ఓటు. మంచు కోసమే వెళ్తే డబ్బు దండగ. ఎత్తైన శిఖరాల సంగతి వేరు: 2022 అక్టోబర్ 4న, మహర్నవమి నాడు, 5,670 మీటర్ల ద్రౌపదీ కా దండా-2 మీద శిక్షణలో ఉన్న పర్వతారోహకుల బృందంపై అవలాంచ్ పడి 27 మంది మృతదేహాలు దొరికాయి. అది ట్రెక్ దారి కాదు, కానీ ‘అక్టోబర్ కదా’ అనుకునేవాళ్లు ఒకసారి గుర్తుచేసుకోవాలి.

కైలాసగిరి మెట్లు, సింహాచలం మెట్లు కాళ్లకు బలమిస్తాయి, మంచు చదవడం నేర్పవు. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ మంచు కాలంలో జిల్లాలవారీగా, ఎత్తులవారీగా అవలాంచ్ హెచ్చరికలు ఇస్తుంది, చూసుకుని కదలండి. డబ్బు కట్టేముందు కంపెనీని సూటిగా అడగండి: రాత్రి మబ్బు పడితే మర్నాడు ఆపేస్తారా? ‘చూద్దాం సార్’ అంటే ఇంకొకరిని వెతుక్కోండి.

ఆపినా మీరు ఆగగలగాలి. గైడు వద్దన్నాక కూడా ‘ఎల్లుండి ట్రైను ఉంది బాబూ’ అని బతిమాలేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. తిరుగు టికెట్టు జూన్‌కైతే రెండు రోజులు, ఏప్రిల్‌కైతే ఒక రోజు ఆలస్యంగా ఉండేలా తీసుకోండి. దసరాకైతే రద్దీకి భయపడి ముందుగా కొనుక్కోవాల్సిందే తప్ప మంచుకి భయపడి కాదు.