తెలుగు డెస్క్‌టాప్‌కు ఓపెన్‌క్యూఏ: చాలాకాలం వాడాక సమీక్ష

కొత్త బిల్డ్ వచ్చిన ప్రతిసారీ లినక్స్ ఇన్‌స్టాల్ చేసి, లాగిన్ అయ్యి, ఫైర్‌ఫాక్స్ తెరిచి, తెలుగు అక్షరాలు సరిగ్గా పడుతున్నాయో లేదో మనిషి కూర్చుని చూడలేడు. ఆ పని ఓపెన్‌క్యూఏ చేస్తుంది. ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ అనే లినక్స్ పంపిణీ స్నాప్‌షాట్‌ను (కొత్త బిల్డ్‌ను) జనానికి వదిలే ముందు ఈ పరీక్షల ఫలితం చూస్తారు. ఫెడోరా విడుదలలకూ ఇదే వాడతారు, డెబియన్‌కూ ఒక సర్వర్ ఉంది. కడపలో మేం వాడేది చాలా చిన్న పనికి: టంబుల్‌వీడ్ మీద గ్నోమ్ డెస్క్‌టాప్, దానిపైన తెలుగు లొకేల్ (భాష అమరిక), తెలుగు కీబోర్డు. ఒక్క మాట ముందే చెప్తా. దీనికయ్యే అసలు ఖర్చు మిషన్‌ది కాదు, నీడిళ్ల (తెరతో పోల్చే నమూనా బొమ్మల) నిర్వహణది.

పనిచేసే తీరు: ఐసోటోవీడియో అనే ప్రోగ్రాం క్యూఈఎంయూలో వర్చువల్ మిషన్ లేపుతుంది. వీఎన్‌సీ ద్వారా 1024×768 స్క్రీన్ చూస్తూ, కీలు నొక్కుతూ, మౌస్ కదుపుతూ పోతుంది. ఏ దశలో ఏ తెర కనపడాలో చెప్పేదే నీడిల్. అది ఒక పీఎన్‌జీ బొమ్మ, అదే పేరుతో ఒక జేసన్ ఫైలు. బొమ్మలో ఏ చోటు సరిపోల్చాలో, ఏ చోటు వదిలేయాలో జేసన్‌లో ఉంటుంది. పోల్చే పని ఓపెన్‌సీవీ అనే బొమ్మల లైబ్రరీది. పోలిక 96 శాతం దాటితే సరిపోయినట్టు. పరీక్షలు పెర్ల్‌లో రాయాలి. పైథాన్‌లో కూడా రాయొచ్చు కానీ, చూసి నేర్చుకోవడానికి దొరికే కోడ్ అంతా పెర్లే.

మా దగ్గరున్నది 8 కోర్లు, 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఉన్న ఒక డెస్క్‌టాప్. ఒక్కో వర్కర్‌కు (పరీక్షలు నడిపే ప్రోగ్రాంకు) 2 సీపీయూలు, 4 జీబీ ర్యామ్ చొప్పున మూడు వర్కర్లు. ర్యామ్ చూస్తే ఇంకో రెండు పట్టేట్టు ఉంటుంది, ఆశపడొద్దు. లోడ్ పెరిగితే ముందు టైమింగ్ చెడుతుంది. కీ వదిలిన సంకేతం గెస్ట్‌కు (వర్చువల్ మిషన్‌కు) ఆలస్యంగా చేరితే ఆటో రిపీట్ మొదలై ఒక అక్షరం రెండుసార్లు పడుతుంది. పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలు తప్ప ఏమీ కనపడవు కాబట్టి లాగిన్ ఎందుకు ఫెయిలైందో తలకాయ కొట్టుకున్నా తెలీదు. గెస్ట్‌లో కీ రిపీట్ ఆపేయండి. కీలు కొట్టించే టైప్ స్ట్రింగ్ ఫంక్షన్‌కు మ్యాక్స్ ఇంటర్వెల్ విలువ తగ్గించి నిదానంగా కొట్టించండి. డెస్క్‌టాప్‌తో సంబంధం లేని కమాండ్లను సీరియల్ టెర్మినల్‌కు మార్చేయండి. అక్కడ అక్షరం పోయే గొడవే ఉండదు, వేగమూ ఎక్కువ.

ఇన్‌స్టలేషన్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఓపెన్‌సూసేలో ఓపెన్‌క్యూఏ బూట్‌స్ట్రాప్ స్క్రిప్టు నడిపితే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, వెబ్ సర్వర్, ఒక వర్కర్ అన్నీ సిద్ధమవుతాయి. వెబ్ యూఐ సొంత పోర్టు 9526. మొదటి జాబ్ (ఒక పరీక్ష నడక) మరీ నెమ్మదిగా నడిస్తే బయాస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేశారా, కేవీఎం (లినక్స్‌లోని హార్డ్‌వేర్ వర్చువలైజేషన్) వాడే అనుమతి వర్కర్ యూజర్‌కు ఉందా చూడండి. కేవీఎం లేకుంటే ప్రాసెసర్‌నే సాఫ్ట్‌వేర్‌లో అనుకరించాలి, దాంతో అన్ని టైమౌట్లూ దాటిపోతాయి.

ఇక తెలుగు సంగతి. దీని గురించి డాక్యుమెంటేషన్‌లో ఏమీ దొరకదు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

టైప్ స్ట్రింగ్‌కు నేరుగా తెలుగు అక్షరాలు ఇస్తే పని జరగదు. అది పంపేది ఇంగ్లిష్ కీబోర్డు మీదున్న కీలనే. ఆ కీకి ఏ అక్షరం పడాలో నిర్ణయించేది గెస్ట్‌లోని లేఅవుట్. అందుకని ముందు గ్నోమ్ ఇన్‌పుట్ సోర్సును 'ఇన్+టెల్'కు మార్చి, తర్వాత ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు అమరిక) ప్రకారం ఇంగ్లిష్ కీలు పంపాలి. వేలాండ్ సెషన్‌లో సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ అనే లేఅవుట్ మార్చే కమాండ్ పనిచేయదు, జీసెట్టింగ్స్‌తోనే మార్చాలి. 'కడప' అని పడాలంటే కె, ఎడమ చదరపు బ్రాకెట్, హెచ్. 'ప్రొద్దుటూరు'కు పన్నెండు కీలు కావాలి, అందులో డి రెండుసార్లు వస్తుంది, ఎందుకంటే ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు ఆ కీ మీదే ఉంది. అక్షరాన్ని కీగా మార్చే చిన్న పట్టికను ఒక పెర్ల్ ఫంక్షన్‌లో పెట్టుకుంటే పరీక్షలో నేరుగా తెలుగే రాసుకోవచ్చు. పరీక్ష అయ్యాక లేఅవుట్‌ను మళ్లీ ఇంగ్లిష్‌కు తేవడం మరవకండి. మరిస్తే తర్వాతి మాడ్యూల్ (పరీక్షలో తర్వాతి భాగం) కొట్టే ప్రతి కమాండూ తెలుగు అక్షరాలై పడుతుంది, లాగ్‌లో మాత్రం అన్నీ సరిగ్గా కొట్టినట్టే కనపడుతుంది.

పరీక్షకు ఏ మాటలు వాడాలన్నదీ ముఖ్యమే. 'అమ్మ', 'ఆవు' లాంటివి పెట్టి లాభం లేదు. జిల్లా ఊళ్ల పేర్లు చాలు: ఒంటిమిట్ట, ప్రొద్దుటూరు, బ్రహ్మంగారిమఠం, జమ్మలమడుగు. వీటిలో కింద వేలాడే వత్తులు, పైన గుణింతం, రెండూ కలిసినవీ ఉన్నాయి. లైను ఎత్తు సరిపోని బటన్ మీద ముందు తెగేది వత్తుల కింది భాగమే. నీడిల్ పెట్టె గీసేటప్పుడు అక్షరం మధ్యభాగం వరకే గీస్తే ఆ లోపం ఎప్పటికీ దొరకదు. పెట్టెను వత్తు కిందికి నాలుగైదు పిక్సెళ్లు దించండి.

నీడిళ్లు చెడేది కూడా ఇక్కడే. నోటో సాన్స్ తెలుగు ఫాంటు మారినా, అక్షరాలు గీసే ఫ్రీటైప్ గానీ వాటిని పేర్చే హార్ఫ్‌బజ్ గానీ కొత్త వెర్షన్ వచ్చినా, అక్షరం అంచులు ఒకటి రెండు పిక్సెళ్లు జరుగుతాయి. పెట్టె మొత్తంగా జరిగితే పర్వాలేదు, మామూలుగా చుట్టూ 50 పిక్సెళ్ల వరకు వెతుకుతుంది. అక్షరాల మధ్య ఎడం మారితే మాత్రం పోలిక పడిపోతుంది. అప్పుడు చాలామంది 96ను 80కి దించేస్తారు. అది తప్పు. 80 దగ్గర 'ట్ట'లో వత్తు ఊడిపోయినా పాసయ్యే ప్రమాదం ఉంది. శాతం దించకుండా పెట్టెను చిన్నది చేయండి, లేదా అదే ట్యాగ్‌తో (పరీక్ష నీడిల్‌ను పిలిచే పేరుతో) రెండో నీడిల్ చేర్చండి. తెలుగు రూపాన్ని పరీక్షించే నీడిళ్లు ఒక మాడ్యూల్‌లోనే ఉంచి, మిగతా మాడ్యూళ్లలో బొమ్మలు, ఐకాన్లు పట్టుకుని నడవడం మేలు. లేకపోతే ఫాంటు ఒక్కటి మారిన పాపానికి ఆ రోజు బిల్డంతా ఎర్రగా మారుతుంది. గడియారం, మెరిసే కర్సర్ ఉన్న చోట్లను ఎక్స్‌క్లూడ్ చేయడం అందరికీ తెలిసిందే.

కమాండ్ల దగ్గర ఇంకో చిక్కు. లొకేల్ తెలుగులో ఉంటే, అనువాదమున్న ప్రోగ్రాముల సందేశాలు తెలుగులోనే వస్తాయి. అసర్ట్ స్క్రిప్ట్ రన్ చూసేది ఎగ్జిట్ కోడ్‌నే, దానికేమీ కాదు. స్క్రిప్ట్ అవుట్‌పుట్ తీసుకుని అందులో ఇంగ్లిష్ మాట వెతికే చోట మాత్రం ఎల్‌సీ ఆల్‌ను (భాషను నిర్ణయించే వేరియబుల్‌ను) సీకి, అంటే ఇంగ్లిష్‌కు, పెట్టాలి. టెక్స్ట్ కన్సోల్‌లో తెలుగు చదివేట్టు రాదు, ఆ తెర మీద తెలుగు నీడిల్ పెట్టుకోకండి.

సమయం ఎక్కడ వృథా అవుతుందంటే చెక్ స్క్రీన్ (తెర వచ్చిందా అని చూసి, రాకపోయినా ముందుకు పోయే ఫంక్షన్) దగ్గర. 'ఈ పాపప్ వస్తే మూసెయ్' అని 30 సెకన్ల చెక్ స్క్రీన్ పెడితే, పాపప్ రాని ప్రతిసారీ ఆ 30 సెకన్లూ ఊరికే పోతాయి. పాపప్‌కు ఒక ట్యాగ్, అసలు తెరకు ఒక ట్యాగ్ పెట్టి, రెండింటినీ ఒకే అసర్ట్ స్క్రీన్‌కు (తెర రాకపోతే ఫెయిలయ్యే ఫంక్షన్‌కు) ఇచ్చి, ఏది దొరికిందో మ్యాచ్ హ్యాజ్ ట్యాగ్‌తో చూసుకోవాలి. ప్రతి పరీక్షకూ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేయడమూ దండగే. ఒక జాబ్ ఇన్‌స్టాల్ చేసి డిస్క్‌ను పబ్లిష్ హెచ్‌డీడీతో దాస్తే, స్టార్ట్ ఆఫ్టర్ టెస్ట్ పెట్టిన మిగతావన్నీ ఆ డిస్క్ మీదే బూటవుతాయి. డిస్క్ పేరులో బిల్డ్ నంబరు తప్పనిసరి. లేకుంటే కొత్త బిల్డ్ డిస్క్ పాతదాన్ని చెరిపేస్తుంది, ఏ ఫలితం ఏ బిల్డ్‌దో తేలదు.

కరెంటు పోతే భయపడాల్సిందేమీ లేదు. వర్కర్ తిరిగి లేచాక సగంలో ఆగిన జాబ్‌ను సర్వర్ ఇన్‌కంప్లీట్‌గా గుర్తించి, దాని నకలును కొత్త జాబ్‌గా క్యూలో పెడుతుంది. పూల్‌లో (వర్కర్ పనిచేసే ఫోల్డర్‌లో) మిగిలిన డిస్క్ పనికిరాదు, తర్వాతి జాబ్ దాన్ని తుడిచేస్తుంది. యూపీఎస్ కావాల్సింది డేటాబేస్ కోసం. ఏప్రిల్, మే నెలల్లో అసలు సమస్య ఎండ. గది కాగిపోయి ప్రాసెసర్ వేగం తగ్గితే, మధ్యాహ్నం ఫెయిలైన పరీక్షే రాత్రి పాసవుతుంది. ఆ రెండు నెలలూ టైమౌట్ స్కేల్‌ను 2 చేయండి (గడువులు రెట్టింపవుతాయి), లేదా వర్కర్లను రెండుకు తగ్గించండి. రీట్రై అనే సెట్టింగు ఉంది గానీ, దాన్ని అన్నిటికీ తగిలిస్తే నిజమైన లోపాలు కూడా దాని కిందే దాక్కుంటాయి.

ఫెయిలైన జాబ్‌ను చదివే విషయంలో మాత్రం ఇది చాలా బాగుంది. ప్రతి అడుగుకూ స్క్రీన్‌షాట్, మొత్తం నడకకు వీడియో, ఆటోఇన్‌స్ట్ లాగ్, సీరియల్ లాగ్ దొరుకుతాయి. తెలిసిన బగ్ అయితే జాబ్ కింద బగ్ నంబరుతో కామెంట్ రాయండి. తర్వాతి బిల్డ్‌లో అదే మాడ్యూల్ ఫెయిలైతే ఆ కామెంట్ తానే అక్కడికి వస్తుంది. పరీక్ష కోడ్‌లో మార్పు సరిచూడాలంటే క్లోన్ జాబ్ కమాండ్‌కు కేస్‌డిర్‌గా (పరీక్ష కోడ్ ఉండే చోటుగా) మీ గిట్ బ్రాంచ్ ఇస్తే చాలు, సర్వర్‌లోని అసలు కోడ్ జోలికి పోనక్కర్లేదు. డెవలపర్ మోడ్‌లో పరీక్షను మధ్యలో ఆపి నీడిల్ అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కడే మొదలుపెట్టాలి.

నచ్చనిది నిల్వ లెక్క. టంబుల్‌వీడ్ డీవీడీ ఒక్కటే 4 జీబీ దాటుతుంది, దానికి ఇన్‌స్టాల్ అయిన డిస్కులు తోడు. జాబ్ గ్రూపు అసెట్ల (ఐఎస్‌ఓలు, డిస్కుల లాంటి ఫైళ్ల) పరిమితి మొదట 100 జీబీ ఉంటుంది, ఒక గ్రూపుకే అంత. నాలుగు గ్రూపులు పెడితే 1 టీబీ డిస్క్‌లో దాదాపు సగం అక్కడే పోతుంది. లాగ్‌లు మామూలుగా 30 రోజులు ఉంటాయి. పోల్చి చూడటానికి కావాల్సిన బిల్డ్‌కు గ్రూపు పేజీలో ఇంపార్టెంట్ ట్యాగ్ తగిలిస్తే 120 రోజులు నిలుస్తాయి. నీడిళ్లు మాత్రం వాటంతట అవి పోవు. అడ్మిన్ మెనూలో నీడిల్స్ పేజీ తెరిస్తే ఏ నీడిల్ చివరిసారి ఎప్పుడు సరిపోయిందో కనపడుతుంది. ఆర్నెల్లుగా ఎక్కడా సరిపోనివి అక్కడినుంచే తీసేయొచ్చు.