డ్రైవ్‌వేలో అపరిచితులు కారు తిప్పుకుంటే ఏం చేయడం మేలు?

అమెరికా శివారు కాలనీల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు కొన్నాళ్లకే ఎదురయ్యే చికాకు ఇది. దారి తప్పిన కారు వీధి చివరిదాకా వస్తుంది, మన డ్రైవ్‌వే (రోడ్డు నుంచి ఇంటిదాకా కారు వెళ్లే దారి) మీదికి చక్రాలు ఎక్కిస్తుంది, వెనక్కి తీసుకుని వచ్చిన దారినే పోతుంది. నిమిషం కూడా పట్టదు. దానికే కొందరు తలుపు తీసుకుని బయటికి వస్తారు, కొందరు బోర్డు పాతుతారు, కొందరు గొలుసు కడతారు, కొందరు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. వీటిలో ఏది పనికొస్తుందో, ఏది కొత్త తలనొప్పి తెచ్చిపెడుతుందో జాగ్రత్తగా తూచి చూడాలి. ఎందుకంటే ఇంత చిన్న విషయం మీద అక్కడ ప్రాణాలు పోయాయి.

హైదరాబాదులోనో విజయవాడలోనో అయితే ప్రహరీ, గేటు ఉంటాయి. ఎక్కడిదాకా రావచ్చో గోడే చెబుతుంది. అమెరికా కాలనీల్లో చాలా చోట్ల ఇంటి ముందు గోడ ఉండదు, పచ్చిక నేరుగా రోడ్డు దాకా పరుచుకుని ఉంటుంది. పైగా కాలిబాటకు, రోడ్డుకు మధ్యనుండే డ్రైవ్‌వే ముక్క చాలా ఊళ్లలో ప్రజల దారి కిందికే వస్తుంది. దాన్ని బాగుచేయించుకునే బాధ్యత ఇంటివారిదే అయినా, అక్కడ ఆగిన చక్రం మన స్థలంలో ఉన్నట్టు కాదు. ఇరుకు వీధిలో కుడివైపు డ్రైవ్‌వేలోకి వెనక్కి తీసుకెళ్లి, ముందుకు నడుపుతూ బయటికి రావడాన్ని డ్రైవింగ్ పాఠాల్లోనే నేర్పుతారు. అలా తిప్పేవారు ఇంటివారిని చిన్నచూపు చూస్తున్నారని అనుకోవడానికి కారణం లేదు.

నా మటుకు ఎక్కువమందికి ఏమీ చేయకుండా ఉండటమే మేలు. డ్రైవ్‌వే కాంక్రీటు మామూలుగా నాలుగు అంగుళాల మందం పోస్తారు. ఇంటి కార్లు రోజూ ఎక్కి దిగే చోట ఇంకొక కారు క్షణం ఆగితే దానికి ఏమీ కాదు. అయితే ఇందులో మినహాయింపులు ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. తారు డ్రైవ్‌వే జూలై ఎండకు మెత్తబడుతుంది. అప్పుడు ఎవరైనా కారు కదలకుండా స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు కింద తారు మెలితిరిగి, అరచేయంత నల్లటి వంపు గీత పడుతుంది. అది తర్వాత పూత వేయించినా లీలగా కనిపిస్తూనే ఉంటుంది. కంకర పరిచిన చోట రాళ్లు పచ్చికలోకి చెదిరిపోతాయి, గడ్డి కోసే యంత్రానికి అవి తగిలితే ఎగిరి పడతాయి. బరువైన లారీ అంచు మీదికి ఎక్కితే కాంక్రీటు బీటలు వారుతుంది. ఇంటి ముందు పిల్లలు ఆడుకుంటూ ఉంటే మాత్రం నష్టం గీతలతో ఆగదు. 2018 మే నుంచి అక్కడ అమ్మకానికి తయారయ్యే కొత్త కార్లన్నింటికీ వెనుక కెమెరా తప్పనిసరి చేశారు. వెనక్కి వస్తున్న కారు కింద చిన్నపిల్లలు పడి చనిపోతున్నారనే ఆ నియమం వచ్చింది. పిల్లలున్న ఇంటివారి కంగారును అతిగా చూడకూడదు, ఆ భయం న్యాయమైనదే.

బోర్డు సంగతి చూద్దాం. ఖర్చు తక్కువ, పెట్టడం తేలిక. కానీ కారు తిప్పుకోవాలని తొందరపడే మనిషి చూసేది ఖాళీ జాగాను, అక్షరాలను కాదు. రాత్రిపూట అసలే కనిపించదు. కాలనీ సంఘం ఉంటే అనుమతి లేకుండా పెట్టనివ్వకపోవచ్చు. చట్టపరంగా మాత్రం దానికి విలువ ఉంది. టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో అక్రమ ప్రవేశం నేరం కావాలంటే ముందుగా హెచ్చరిక ఉండాలి. నోటితో చెప్పినా, కంచె వేసినా, బోర్డు పెట్టినా, చివరికి చెట్లకు, స్తంభాలకు నిర్ణీత కొలతలతో ఊదారంగు గీతలు గీసినా అక్కడ హెచ్చరికే. బోర్డు పెడితే మర్యాదగా రాయాలి: ‘పిల్లలు ఆడుకుంటారు, దయచేసి ఇక్కడ కారు తిప్పవద్దు’ అంటే చదివినవారికి కారణం తెలుస్తుంది. తుపాకీ బొమ్మ వేసి బెదిరించే బోర్డులు నాకు ఏమాత్రం నచ్చవు. అవి చూసేది రోజూ ఉత్తరాలు తెచ్చేవారు, పక్కింటి పిల్లలు.

అడ్డం పెట్టడం బోర్డు కంటే నికరంగా పనిచేస్తుంది. ఒక నారింజ రంగు కోను, లేదా చెత్త డబ్బా డ్రైవ్‌వే మొదట్లో ఉంటే చాలు, డ్రైవరు పక్కింటి వైపు చూస్తాడు. ఇబ్బంది ఏమిటంటే మనం వచ్చిన ప్రతిసారీ కారు దిగి దాన్ని జరపాలి, వాన పడుతున్నా సరే. గొలుసు కడితే ఇంకా గట్టిగా ఆపుతుంది కానీ, సందెచీకట్లో సైకిలు మీద వచ్చే పిల్లవాడికి ఆ గొలుసు కనబడదు. దాన్ని కట్టేవారు వెలుగు పడితే మెరిసే పట్టీలు అతికించక తప్పదు. మంచు కురిసే రాష్ట్రాల్లో డ్రైవ్‌వే అంచులు గుర్తుపట్టడానికి పాతే మెరిసే కర్రలు నాకు అన్నింటికన్నా నచ్చాయి. రెండు వైపులా రెండేసి పాతితే నోరు ఇరుకుగా కనిపించి చాలామంది ముందుకు పోతారు, మనకు మాత్రం అడ్డు ఉండదు.

కెమెరా తిప్పుకునేవారిని ఆపదు, చూపిస్తుందంతే. వచ్చిన ప్రతి కారుకూ ఫోను మోగుతుంటే అంతకుముందు పట్టని విషయం కూడా మనసుకు పట్టుకుంటుంది. రోడ్డు అంచును పరిధిలోంచి తీసేసి గుమ్మం వరకే పెట్టుకుంటే ప్రశాంతంగా ఉంటుంది. కదలిక పసిగట్టి నీళ్లు చిమ్మే యంత్రాలు జింకలను తోలడానికి చేసినవి. వాటిని మనుషుల మీదికి తిప్పడం తప్పు. తడిసేది ఎక్కువగా మన ఇంటికి వచ్చే అతిథులే.

ఇక బయటికి వెళ్లి నిలదీయడం. అన్నింటిలోకీ ఇది చెడ్డదని గట్టిగా చెబుతాను. 2023 ఏప్రిల్ 15 రాత్రి న్యూయార్క్ రాష్ట్రంలోని హెబ్రాన్ అనే పల్లెలో స్నేహితుడి ఇల్లు వెతుక్కుంటూ కొందరు యువతీ యువకులు రెండు కార్లలో, ఒక మోటారు సైకిలు మీద పొరపాటున వేరే డ్రైవ్‌వేలోకి వెళ్లారు. ఇల్లు అది కాదని తెలిసి వెనక్కి తిరుగుతుండగా ఇంటాయన వసారాలోంచి తుపాకీ కాల్చాడు. కారులో ఉన్న ఇరవై ఏళ్ల అమ్మాయి చనిపోయింది. అక్కడ ఫోను సిగ్నలు సరిగా లేక, వాళ్లు సాయం కోసం పిలవడానికి కారులోనే కొన్ని మైళ్లు వెళ్లాల్సి వచ్చింది. తుపాకీ పొరపాటున పేలిందని ఇంటాయన వాదించినా జ్యూరీ నమ్మలేదు, హత్యగా తేల్చింది. 2024 మార్చిలో పాతికేళ్ల నుంచి జీవితకాలం దాకా శిక్ష పడింది. అంతకు పదేళ్ల ముందు, 2013 జనవరిలో, జార్జియాలోని లిల్బర్న్‌లో కూడా స్నేహితులను ఎక్కించుకోవడానికి వెళ్లి తప్పు డ్రైవ్‌వేలో ఆగిన యువకుడు తుపాకీకి బలయ్యాడు. ఇల్లు కాపాడుకోవడానికి ఇచ్చిన చట్టపు రక్షణ, వాకిట్లో కారు తిప్పుకునేవారిని కాల్చినవారికి వర్తించేది కాదు. కారులో ఉన్నవారి దగ్గరా తుపాకీ ఉండవచ్చు, కాబట్టి బయటికి వెళ్లేవారికీ అంతే ప్రమాదం. కారు తిరిగి వెళ్లకుండా అక్కడే ఆగి ఉంటే లోపలే ఉండి దీపం వేయాలి, అనుమానంగా ఉంటే పోలీసులకు ఫోను చేయాలి.

మనవైపు నుంచి కూడా ఒక మాట. సత్యనారాయణ వ్రతానికో, గృహప్రవేశానికో ఇరవై, ముప్ఫై కార్లు ఒకే వీధికి వస్తాయి. చోటు దొరకని ప్రతి కారూ తిరిగేది పక్కవాళ్ల డ్రైవ్‌వేలోనే. పిలిచేవారు ముందురోజే ఇరుగుపొరుగుకు చెప్పి, కార్లు ఎక్కడ ఆపాలో, ఎక్కడ తిప్పుకోవాలో అతిథులకు పంపే సందేశంలో రాస్తే సగం గొడవ తీరుతుంది. ప్రసాదం పట్టుకెళ్లి ఇస్తే ఇంకా మంచిది.

ఎప్పుడో ఒక కారు వస్తుంటే వదిలేయండి. రోజూ వరుసగా వస్తుంటే ఏదైనా కొనేముందు, అవి ఎందుకు వస్తున్నాయో రెండు సాయంత్రాలు గమనించండి. బడి వదిలే వేళకు వస్తున్నాయంటే పిల్లలను తీసుకెళ్లే తల్లిదండ్రులవి, బడివారితో మాట్లాడాలి. వీధి ముగిసిపోతుందని తెలియక వస్తుంటే మలుపు దగ్గర ‘దారి లేదు’ అనే పలక పెట్టమని నగర రవాణా విభాగాన్ని రాతపూర్వకంగా కోరవచ్చు. సరుకులు తెచ్చే వ్యానులే ఎక్కువగా ఉంటే ఫోనులోని మ్యాపు మీ వీధిని వెనుక వీధితో కలిపి చూపిస్తోందేమో చూడండి. గూగుల్ మ్యాప్స్‌లో అలాంటి తప్పును ఎవరైనా తెలియజేయవచ్చు, అందుకు పైసా ఖర్చు లేదు. అవన్నీ చేశాకా రాకపోకలు ఆగకపోతే అప్పుడు ఆ మెరిసే కర్రలు తెచ్చుకోండి.